చేపల పెట్టెల్లో మూడు రంగులు

పాప పుట్టిన రోజు నర్సు దాన్ని నా చేతుల్లో పెడుతూ, "మెడ కింద చెయ్యి పెట్టండి," అంది. నేను పెట్టలేదు. మెడకి వేళ్లు తగలకుండా రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తబోయాను. నర్సు గబుక్కున తన అరచెయ్యి అడ్డం వేసి, "ఏటమ్మా, ఎప్పుడూ పిల్లల్ని ఎత్తుకోలేదా?" అని కసిరింది.

ఎత్తుకోలేదు. అంత భయంగా అంతకుముందు నేను ఎత్తిన వస్తువు ఒకటే, ప్రొజెక్టర్ ట్యూబు. దాన్ని ఎత్తడం నేర్పింది మా నాన్న. "మెడ పట్టుకోకు తల్లీ, ఏటి పట్టుకున్నా మెడ మాత్రం పట్టుకోకు," అని నా ఎనిమిదో ఏట నుంచి చెవిలో పోసిన మాట. నర్సు మాట చెవులకి వినిపించింది. నా చేతులు నాన్న మాట విన్నాయి.

అప్పటికి నాన్న పోయి రెండు నెలలు.

ఇప్పుడు పాపకి పదిహేను నెలలు. అది పడుకున్నాకే నాకు ఈ నోట్‌బుక్కు తీసే తీరిక. ఈ నాలుగు వాక్యాలు రాసేలోపే రెండుసార్లు లేచి వెళ్లి దాని ఊపిరి చూసి వచ్చాను. నా సంగతి అంతే. ఫ్యాను ఊడిపడుతుందని భయం, బొత్తాం మింగేస్తుందని భయం, బాల్కనీ ఊచల మధ్య తల దూరుతుందని భయం. కొలిచి చూశాను, దూరదు. అయినా భయమే. అన్నిటికంటే ఎక్కువగా, మొన్న మొన్నటి దాకా, పడగ్గది అటక మీది మూడు పెట్టెలంటే భయం. వాటి సంగతే రాస్తున్నాను.

మాది మల్కాపురం. నాన్న పోర్టులో క్రేన్లకి కరెంటు పని చేసేవాడు. డ్యూటీ దిగాక ఇంకో పని ఉండేది. ఒక క్లబ్బులో పాత సామాను తీసేస్తుంటే తెచ్చుకున్న ప్రొజెక్టర్ ఉండేది మాకు. చేతిసంచిలో పట్టే ఇప్పటి ప్రొజెక్టర్లు చూసినవాళ్లకి దాని ఆకారం చెబితే నవ్వొస్తుంది. బట్టల బీరువాని పడుకోబెట్టి సగానికి కోసినట్టు ఉండేది. ముందువైపు వరసగా మూడు కళ్లు. ఒక్కో కంటి వెనక ఒక్కో గాజు ట్యూబు, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. పాత టీవీల్లో ఉండే పిక్చర్ ట్యూబుకి తమ్ముడనుకోండి. ముఖం అరచెయ్యి కంటే కాస్త పెద్దది, వెనక సన్నటి పొడుగాటి మెడ. ప్రతి ట్యూబూ తన రంగులోనే బొమ్మ వేస్తుంది. మూడు బొమ్మలూ తెర మీద సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చుంటేనే మనుషులు మనుషుల్లా కనపడతారు. లేదంటే ప్రతి మనిషి పక్కనా ఒక ఎర్ర దయ్యం, ఒక నీలం దయ్యం నిలబడతాయి.

చర్చి మీటింగులకి, పెళ్లి వీడియోలకి, క్రికెట్ ఫైనల్ ఉంటే వీధి మొత్తానికి, ఒడ్డు పల్లెల్లో అమ్మవారి పండక్కి, ఎవరు పిలిచినా నాన్న ఆ ప్రొజెక్టర్ వేసుకుని వెళ్లేవాడు. నేనూ వెళ్లేదాన్ని. నాకో పని ఉండేది.

ఆట మొదలుపెట్టే ముందు నాన్న తెర మీద గళ్ల బొమ్మ వేసేవాడు. లెక్కల నోట్సులో గళ్లలాగా నిలువు గీతలు, అడ్డగీతలు, మూడు రంగుల్లో. మిషను దగ్గర నిలబడితే సన్నటి తేడాలు కనపడవు. అందుకని నన్ను తెర పక్కన నిలబెట్టేవాడు.

"కలిసిందా తల్లీ?"

"నేదు నాన్నా. నీలం ఇంకా ఎడమకుంది."

"ఇప్పుడు?"

"ఇంకొంచెం."

ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే గీత పసుపు రంగులోకి మారుతుంది. దాని మీదికి నీలం వచ్చి కూర్చున్న క్షణాన రంగులన్నీ పోయి ఒక్క తెల్ల గీత మిగులుతుంది. దాన్ని అంత దగ్గరగా చూసే అదృష్టం ఆ జనం అందరిలో నాకొక్కదానికే. కానీ నేనో దొంగపని చేసేదాన్ని. గీతలు కలిసిపోయాక కూడా, "ఇంకొంచెం," అనేదాన్ని. కలిసిందని చెబితే బొమ్మ మొదలవుతుంది, నాన్న అందరివాడైపోతాడు. ఎవరో సౌండు పెంచమంటారు, ఎవరో టీ తెస్తారు. గళ్లు తెర మీద ఉన్నంతసేపే ఆ చీకట్లో ఆయన గొంతూ నా గొంతూ. నాన్న మర అటు తిప్పి మళ్లీ ఇటు తిప్పి, "ఇప్పుడు?" అనేవాడు. "ఇంకొంచెం."

నేను డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి అన్నాడు, టీ తాగుతూ, ఉన్నట్టుండి. "కలిసిపోయినా సెప్పేదానివి కాదు నువ్వు. నాకు తెల్దనుకున్నావేటి? నానూ మర ఉత్తినే తిప్పేవోణ్ణి."

ఆ మిషను మోయడానికి ఇద్దరు కావాలి. రెండో మనిషి మామయ్య. మామయ్య మాకు చుట్టం కాదు. ఒడ్డు పల్లెలో వేటకెళ్లే మనిషి. వాళ్ల పండక్కి నాన్న మొదటిసారి ఆట వేసినప్పటి నుంచి ఇద్దరూ ఒకరికొకరు "బావ" అయిపోయారు. మేము ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లం, వాళ్లు అమ్మవారికి మొక్కేవాళ్లు. బావలకి అదేమీ అడ్డం రాలేదు. మామయ్య ఒక పక్క పట్టుకుని ఎత్తుతూ ప్రతిసారీ ఏదో ఒకటి అనేవాడు. "దీనికంటే సొరసేప నయ్యం బావా. ఒడ్డుకి లాగినాక అదింకేటీ అడగదు. ఇది మోసినోడినే మళ్లీ కరెంటు అడుగుతాది."

మిషను మోత మామయ్యది. ట్యూబుల జోలికి మాత్రం నాన్న ఎవరినీ రానిచ్చేవాడు కాదు, నన్ను తప్ప. ఇంట్లో మంచం మీద తెల్ల పంచె పరిచి దాని మీద ట్యూబు పెట్టి పాఠం చెప్పేవాడు.

"ఒట్టి గాజు అనుకోకు. ఇప్పేసినాక కూడా కరెంటు దాసుకుంటాది. ముందు తీగతో ఆ కరెంటు తీసేయాలి. లోపల గాలి నేదు. బయట గాలి దీన్ని నొక్కుతానే ఉంటాది. మెడ ఇరిగిందంటే లోపలికి కూలి, బయటికి పేలతాది. ముకం సుట్టూ ఇనప సట్రం ఉంది సూడు, అక్కడ పట్టుకో. ముకం ముందు నీళ్లలాగుంది కదా, అది ఏడి లాగే మందు. తియ్యగా ఉంటాదంట. ఇసం."

"తియ్యగా ఉంటుందని ఎవరు చెప్పారు నాన్నా?"

నాన్న ఆలోచించాడు. "నాకినోడెవుడో సచ్చే ముందు సెప్పుంటాడు."

ఇంకో నియమం ఉండేది. దాచేటప్పుడు ముఖం కిందికి, మెడ పైకి. సీసాని నిలబెట్టినట్టే. ట్యూబు లోపల ముఖానికి పొడి పూత ఉంటుంది. ఏళ్లు గడిస్తే ఎక్కడో ఒక నలుసు రాలుతుంది. మెడ పైకి ఉంటే ఆ నలుసు ముఖం అంచున పడి ఊరుకుంటుంది. మెడ కిందికి ఉంటే నేరుగా మెడలోని తీగల మధ్యలోకి దిగి కూర్చుంటుంది. వెలిగించగానే చిటుక్కుమంటుంది. అంతటితో ఆ ట్యూబు సరి.

పెద్ద టీవీలు వచ్చాయి, నాన్నని పిలిచేవాళ్లు తగ్గారు. తర్వాత మిషను లోపలి బోర్డులు పోయాయి. ఇనుము పాత సామానుకి వెళ్లింది. మూడు ట్యూబులు మాత్రం నాన్న ఉంచుకున్నాడు. ఎరుపుది కొద్దిగా వాడింది. ఆకుపచ్చది బాగా వాడింది. దాని ముఖం మీద "ఆమేన్" అని మాడిపోయి ఉంటుంది. ఏటేటా చర్చి కన్వెన్షన్ సభల మూడు రోజులూ పాటల అక్షరాలు తెర మీద వేసేవాడు నాన్న. పాట అయ్యాక ప్రార్థన ఎంతసేపు సాగినా చివరి మాట తెర మీద అలా నిలిచిపోయేది. కదలని బొమ్మ ట్యూబుని మాడ్చేస్తుంది. నాన్న పాస్టరు గారితో, "ప్రార్థన అందరిదీ అయ్యగారూ, మాడింది మాత్రం నా ట్యూబు," అని నవ్వాడట.

నీలంది కొత్తది. ఒక్కసారి కూడా వెలగలేదు. నీలం దొరకడం కష్టమని నాన్న దాన్ని వాడకుండా దాచాడు. "నీ పెళ్లికి ఏద్దాం," అనేవాడు. నా పెళ్లినాటికి వేయడానికి ప్రొజెక్టరే లేదు.

నాన్నకి ఒంట్లో బాగా లేనప్పుడు నేను మద్దిలపాలెంలో మా ఇంట్లో మంచం మీద ఉన్నాను. ఆరో నెల. డాక్టరు మెట్లు కూడా దిగవద్దన్నారు. మల్కాపురం బస్సులో గంట దూరం కూడా కాదు, అయినా వెళ్లలేకపోయాను. ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. ఒకరోజు ఆయాసపడుతూనే ఉత్సాహంగా చెప్పాడు.

"మూడూ కట్టేసినాను తల్లీ. బావ సేపల పెట్టెలు తెచ్చిచ్చాడు, ఐసు పెట్టే తెల్లయి. బేషుగ్గా కుదిరినాయి."

"ఒక్కడివే ఎలా కట్టావు నాన్నా? చెయ్యి వణుకుతోందన్నావు కదా."

"అదే మరి! ఒక ఉపాయం సేసినాను. నువ్వొచ్చాక సూపిత్తాను."

నేను వెళ్లేసరికి చూపించే మనిషి లేడు.

పాపకి మూడో నెల వచ్చాక అమ్మ మల్కాపురం అద్దె ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేసింది. సామాను మామయ్య తన ట్రాలీ ఆటోలో తెచ్చాడు, రోజూ హార్బరు నుంచి చేపలు తోలే బండి. మూడు తెల్ల పెట్టెలని ఒక్కొక్కటే గుండెకి ఆనించుకుని రెండంతస్తులు ఎక్కి, స్టూలు వేసుకుని తనే అటక మీద సర్దాడు. పెట్టెల పక్కల మీద అచ్చువేసిన నీలం రంగు చేప బొమ్మ, చుట్టూ టేపు. "గట్టిగా కట్టేడు బావ," అని టేపు మీద చెయ్యి రాసి దిగాడు. ఆ వారం అంతా మా పడగ్గది జెట్టీలా వాసన వేసింది. నేను కిటికీ తెరవలేదు. ఆ వాసనలోనే ఎక్కడో నాన్న ఉన్నాడనిపించింది.

పాప పాకడం మొదలుపెట్టాక అదంతా మారిపోయింది. మా మంచం సరిగ్గా ఆ అటక కింద. మా ఆయన పరవాడలో మందుల కంపెనీలో పని చేస్తాడు. ఒకరోజు మాటల్లో ట్యూబు ముందున్న ఆ తియ్యటి నీళ్ల గురించి చెప్పాను. ఆయన చేతిలో అన్నం ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది.

"గ్లైకాలా? మా దగ్గర అది డ్రమ్ముల్లో వస్తుంది. పైన హెచ్చరిక బొమ్మ చూసి, గ్లవుజులు వేసుకుని ముట్టుకుంటాం. నువ్వేమో పిల్ల నెత్తి మీద పెట్టుకుని పడుకున్నావు!"

"కారట్లేదు కదా."

"కారేదాకా ఆగుదామా?"

అమ్మ కూరగాయలు తరుగుతూ, "మీ నాన్న ఆటిని ఇరవయ్యేళ్లు నా మంచం కింద పెట్టినాడు బాబూ. నాను బతికే ఉన్నాను కదా," అంది. మా ఆయన నవ్వాడు కానీ ముద్ద మళ్లీ ఎత్తలేదు.

ఆయన మాటలో తప్పు లేదు. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. పాప నోట్లో ఏది పెట్టుకున్నా వేలు పెట్టి తీసి వాసన చూసేదాన్ని. పారేయడానికి మనసు రాలేదు, ఉంచుకోవడానికి ధైర్యం చాలలేదు. పాత ప్రొజెక్టర్లంటే ఇష్టమున్నవాళ్లు ఫోన్లో ఒక గ్రూపు నడుపుతుంటే, ఎవరికైనా పనికొస్తే ఇచ్చేద్దామని అందులో ట్యూబుల వివరాలు పెట్టాను. రాజమండ్రిలో ఒక రిటైర్డు ఫిజిక్సు మాస్టారు వెంటనే ఫోను చేశారు. నాన్నదానిలాంటి ప్రొజెక్టర్ ఆయన మేడ మీద గదిలో ఉంది. నీలం ట్యూబు పోయి, మిగతా రెండూ మసకబారి, మూడేళ్లుగా దుప్పటి కప్పి ఉంది.

"కొత్త నీలం అంటున్నావా అమ్మా? ఎలా నిలబెట్టి ఉంది? మెడ పైకేగా?"

"మా నాన్న కట్టింది మాస్టారూ," అన్నాను కొంచెం గర్వంగా. "పైకే ఉంటుంది."

ఫోటో తీసి పంపుదామని ఆ ఆదివారం మా ఆయన చేత మొదటి పెట్టె కిందికి దింపించాను. దింపేటప్పుడు పెట్టె కొంచెం వంగింది. దాని అడుగున నల్ల మార్కరుతో ఏవో అక్షరాలు కనిపించాయి. "ఆగు, ఆగు," అని వంగి చూశాను. వణికిన చేతి రాత, నాన్నది. "ఈ వైపు పైకి. మెడ జాగ్రత్త తల్లీ."

పైకి ఉండాల్సిన వైపు కిందికి ఉంది. మూడు పెట్టెలూ అంతే. చేప బొమ్మలు నిటారుగా, మూతలు పైకి, నాన్న అక్షరాలు అటకకి అదుముకుని. పది నెలలుగా ఆ ట్యూబులు మెడ కిందికి గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. నేను వాటి కింద పడుకుని అవి నా పిల్లని ఏం చేస్తాయోనని భయపడ్డాను. నేను వాటినేం చేస్తున్నానో ఒక్కసారి చూడలేదు.

మామయ్యకి ఫోను చేశాను. గంటలో వచ్చాడు, లుంగీ మీద ఐసు తడి ఆరకుండానే.

"మామయ్యా, పెట్టెలు అటక మీద పెట్టేటప్పుడు తిరగేశావా?"

"తిరగేయడం కాదమ్మీ, తిన్నగ పెట్టినాను. మల్కాపురంలో సూత్తే మూడూ బోర్లా ఉన్నాయి. సేప బొమ్మ తలకిందులు, ఐసు నీరు కారే కన్నం పైకి. సేపల పెట్టి కన్నం పైకి ఎవుడైనా పెడతాడా? పాపం బావ, సెయ్యి వణుకుతుండగా తెలక తిరగేసి కట్టేసినాడు అనుకున్నాను. నాను దారిలోనే సరిసేసినాను." నా ముఖం చూసి ఆగాడు. "ఏటయింది?"

చెప్పాను. నలుసు సంగతి, మెడ సంగతి. మామయ్య నేల మీద కూలబడి పెట్టె అడుగున ఉన్న రాతని వేలితో తడిమాడు. చదువు రాదు. "ఏటి రాసినాడు?" అని అడిగాడు. చదివాను.

"నాకు సెప్పలేదే బావా," అన్నాడు పెట్టెతోనే. "మోసేవోడికి సెప్పాలి కదేటి."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. పాప వచ్చి మామయ్య భుజం పట్టుకుని నిలబడింది. ఆయన దాన్ని ఎత్తుకోలేదు. తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

మాస్టారికి నిజం చెప్పేశాను. వద్దంటారనుకున్నాను. అనలేదు. "పోయిందో ఉందో పైనుంచి చూస్తే తెలియదమ్మా. వెలిగిస్తేనే తెలుస్తుంది. ముందు మెల్లగా తిప్పి ముఖం కిందికి పెట్టు. వారం కదపకు. తర్వాత మెడ మొదట్లో వేలి కొసతో తట్టు, పసిపిల్లకి తేన్పు తెప్పిస్తావే, అంత మెల్లగా. నలుసు ఉంటే కిందికి జారొచ్చు. జారకపోనూవచ్చు."

పసిపిల్లకి తేన్పు తెప్పించడం నాకు వచ్చు. పదిహేను నెలల్లో నాకు పూర్తిగా వచ్చిన పని అదొక్కటే.

పెట్టెలు విప్పినప్పుడు నాన్న ఉపాయం అర్థమైంది. లోతైన పెట్టెలోకి ట్యూబుని దించాలంటే రెండు చేతులూ లోపలికి పోవాలి. అంచు అడ్డం వస్తుంది, చివర్లో మెడ పట్టుకోక తప్పదు. అందుకని నాన్న మూతని మంచం మీద వెల్లకిలా పరిచాడు. దాని మీద అమ్మ పాత నూలుచీర మడత. ఆ మడత మీద ట్యూబుని ముఖం కిందికి నిలబెట్టి, ఇనప చట్రాన్ని మూతకి తాడుతో కట్టాడు. మెడ చుట్టూ తగలకుండా ఒక ప్లాస్టిక్ పైపు ముక్క గొడుగులా తొడిగాడు. అప్పుడు పెట్టెని పైనుంచి మెల్లగా బోర్లించాడు, కోడిపిల్ల మీద గంప మూసినట్టు. వణికే చెయ్యి ట్యూబుని ఒక్కసారే ముట్టుకోవాలి. చేప బొమ్మ తలకిందులైతే నాన్నకేం? నీళ్లు కారే కన్నంలో దూది కుక్కి, దాని పక్కనే నాకు రాసిపెట్టాడు.

మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే చిన్న చిన్న పొట్లాలు చీర మడతల్లో ఉన్నాయి. నాన్న చివరి నెలల్లో మింగిన మందులవి. లెక్కపెట్టలేదు.

మామయ్య తాళ్లు చూసి నోరు తెరిచాడు. "ఇది వల ముడి. నాను నేర్పిందే. అందుకే ఏలాడినా ఊడలేదు."

మొదటిసారిగా ఆయన ముఖంలో కాస్త రక్తం కనిపించింది.

వారం ఆగాం. అటక వద్దని మా ఆయన తన బీరువా అడుగు అర ఖాళీ చేసి తాళం వేశాడు. బట్టలు కుర్చీ మీద కుప్పపోసుకున్నాడు. పాప మధ్యాహ్నం పడుకున్నప్పుడు నేను ఒక్కో ట్యూబు మెడ మొదట్లో వేలి కొసతో తట్టాను. నీలంది చివరగా. చెవి దగ్గర పెట్టి విన్నాను. ఏమీ వినిపించలేదు. పాప వీపు తట్టేటప్పుడు కూడా నాకు ఇదే ఆదుర్దా, వచ్చిందో లేదో తెలియని ఆ కాసేపు. తేన్పుకైతే శబ్దం ఉంటుంది.

మళ్లీ కట్టడం నేనే చేశాను, నాన్న పద్ధతిలోనే. చీర మార్చలేదు. దాని కింద పాప డైపర్లు రెండేసి పరిచాను. దారిలో ఆ నీళ్లు కారితే పీల్చుకుంటాయని మా ఆయన ఇచ్చిన సలహా. పైపు ముక్కలు పెళుసెక్కాయి, వాటి బదులు పాప పాలపొడి డబ్బాలకి అడుగు తీసేసి మెడల చుట్టూ నిలబెట్టాను. మెడకీ డబ్బాకీ మధ్య నాలుగు వైపులా వేలు పట్టే ఖాళీ ఉండాలి. ఉంది. ముడులు మామయ్య వేశాడు. పెట్టె బోర్లించేటప్పుడు నా చేతులు వణికాయి. ఆ వణుకు నాన్నదేనని, ఆయన నా పక్కనుండి పట్టుకున్నాడని అనుకోవాలనిపించింది. కానీ లేడు. ఒక్కదాన్నే బోర్లించాను.

చివరగా మార్కరు తీసి నాన్న అక్షరాల పక్కనే బాణం గీశాను. చేప బొమ్మ మీద పాత పేపరు అతికించాను. అది కనపడితే ఎవరైనా మళ్లీ తిప్పేస్తారు.

కొరియరు మాట ఎత్తితే మామయ్య ఒప్పుకోలేదు. "తిప్పినోడు నాను. తీసికెల్లేవోడూ నానే."

"నువ్వొక్కడివీ మూడు ఎలా మోస్తావు మామయ్యా? నేనూ వస్తాను," అన్నాడు మా ఆయన.

"రా అల్లుడూ. రెండు నువ్వు సూసుకో. నీలంది నాది."

పొద్దున్న రైలు. అనకాపల్లి దాటాక మా ఆయన ఫోటో పంపాడు. కిటికీ పక్క సీటులో మామయ్య, ఒళ్లో తెల్ల పెట్టె, రెండు చేతులూ చుట్టూ వేసి. కింద మా ఆయన రాశాడు: "టీ తాగమంటే తాగట్లేదు. చేతులు ఖాళీ లేవట. నేను పట్టుకుంటానంటే నమ్మట్లేదు."

ఆ రోజంతా నేను ఒక పని కూడా సరిగ్గా చేయలేదు. అన్నం రెండుసార్లు వార్చాను. ట్యూబులు ఇంట్లో లేవు, పిల్లకి ఇక వాటితో భయం లేదు. అయినా నా గుండె కుదుటపడలేదు. ఒక్కసారి కూడా వెలగని ఆ నీలం నాన్న నాకోసం దాచిన వెలుగు. అది నా నెత్తి మీదే, నా ఇంట్లోనే ఆరిపోయి ఉంటే, ఆ సంగతి ఈ రోజు తెలుస్తుంది. తెలియకుండా ఉండిపోతే బాగుండునని కూడా అనిపించింది.

మధ్యాహ్నం మూడింటికి వీడియో కాల్ వచ్చింది. మాస్టారి మేడ గది కిటికీలకి నల్లగుడ్డలు కట్టి ఉన్నాయి. మా ఆయన ఫోను తెర వైపు తిప్పి పట్టుకున్నాడు. చీకట్లో మాస్టారి గొంతు వినిపించింది. "ముందు ఎరుపు వేస్తున్నానమ్మా." ఎర్ర గళ్లు వచ్చాయి. "ఆకుపచ్చ." వచ్చాయి, రెండూ పక్కపక్కన. తెర కింది భాగంలో మసకగా ఒక మరక ఉంది.

"ఇదేమిటి, ఏదో అక్షరాల్లా ఉంది?" అన్నారు మాస్టారు.

"అది ఆమేనండి," అన్నాడు మామయ్య, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు. "మా బావ ట్యూబుకి అది ఉంటాది."

"సరే. నీలం."

చిటుక్కుమంది. తెర మొత్తం నల్లబడింది.

మామయ్య, "ఓలమ్మో," అన్నాడు. నా పక్కన అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. పాప ఫోను కోసం చెయ్యి చాపితే వెనక్కి లాగాను. అది ఏడుపు లంకించుకుంది.

"ఆగండి, కంగారు పడకండి," మాస్టారి గొంతు. ఏదో మూత తీసిన చప్పుడు, చాలాసేపు ఏవో చిన్న చప్పుళ్లు. "నలుసు ఉంటే ఆ నిప్పుకి కాలిపోయి కూడా ఉండొచ్చు. ఇంకొక్కసారి వేస్తాను. ఇప్పుడు కాకపోతే ఇక లేదు."

ఎరుపు వచ్చింది. ఆకుపచ్చ వచ్చింది. తర్వాత, చాలా నెమ్మదిగా, తెల్లవారేటప్పుడు మా ఒడ్డున సముద్రం కనపడటం మొదలైనట్టు, నీలం వచ్చింది. సన్నటి గీతలు, ముదురు నీలం. నేను అంత నీలాన్ని ఎక్కడా చూడలేదు. పాప ఏడుపు ఆపి చూసింది. మామయ్య ముక్కు చీదుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"నాకు చూపు ఆనదమ్మా," అన్నారు మాస్టారు. "గీతలు కలపాలి. మీ నాన్నగారి దగ్గర ఈ పని నువ్వే చేసేదానివట కదా, మీ మామయ్య చెప్పాడు. చూసి చెప్పు."

మా ఆయన ఫోను తెరకి దగ్గరగా తీసుకెళ్లాడు. ఎరుపు జరిగి ఆకుపచ్చని చేరింది. గీత పసుపైంది. నీలం కుడివైపు నుంచి కొంచెం కొంచెంగా వస్తోంది. ఎడమకి, ఇంకా ఎడమకి, కొద్దిగా పైకి అని చెబుతున్నాను. ఎనిమిదేళ్లప్పటి గొంతే వస్తోంది. నీలం చివరి వెంట్రుకవాసి జరిగి పసుపు మీద కూర్చుంది. రంగులన్నీ పోయాయి. తెర నిండా తెల్లటి గళ్లు, కింద ఒక మూల మాత్రం లేత గులాబి రంగులో "ఆమేన్".

"కలిసిందా అమ్మా?" అన్నారు మాస్టారు చీకట్లోంచి.

తెల్లటి గీతల వైపు చూస్తున్నాను.

"నేదండీ," అన్నాను. "ఇంకొంచెం."